మన మడిగినట్లే పలుకు యంత్రము

మా యింట జరిగిన యొక చిన్న ముచ్చటతో మొదలుపెట్టెదము. మా తోడికోడలు నిరుడు శ్రావణమాసమున నాలుగవ నెల గర్భముతో నాగర్‌కర్నూలులోని మా యింటికి వచ్చి పది దినము లుండెను. ఆమె వెంట దెచ్చుకొన్న సంచిలో ఆశాకార్యకర్త యిచ్చిన ఐరన్ మాత్రలు పొట్లము విప్పక యట్లే యున్నవి. ఏల వేసికొనలేదని యడుగగా, "అక్కా! మొదట నాలుగు దినములు వేసికొంటిని. కడుపులో త్రిప్పినది. ఫోనులో అడిగి చూచితిని. అవి మంచివి కావని అందఱును చెప్పుచున్నారు" అనెను. అందఱు ననగా నెవరని యడిగితిమి. మాఱు పలుకక తన ఫోను మా చేతికిచ్చెను.

చూచితిమి గదా, నిజముగనే అందఱును చెప్పుచున్నారు! ఆ మాత్రలవలన మలబద్ధక మగునని యొకరు, బిడ్డ నల్లనగునని యొకరు, బిడ్డ పెద్దదై కాన్పు కష్టమగునని వేఱొకరు. వ్రేలితో క్రిందికి జరిపినకొలది అదే రాగము, అదే తాళము. తెల్లకోటు తొడిగినవారును అందు గలరు. ఇన్ని నోళ్లు ఒక్కమాట చెప్పుచుండగా చదువుకొన్న పిల్ల నమ్మినదన్న తప్పేమి? కాని పైన ప్రశ్న వ్రాయు చోట ఆమె వ్రాసిన మాట యింకను చెరగక నిలిచియున్నది: "ఐరన్ మాత్రలు వేసుకుంటే వచ్చే నష్టాలు". నష్టము లేవియని యడిగినది, నష్టములే వచ్చినవి. లాభ మేమని యామె యడుగలేదు, ఫోను తనంతట చెప్పలేదు.

ఆ వారమే రక్తపరీక్ష చేయింపగా హీమోగ్లోబిను 8.4 వచ్చినది. గర్భిణికి 11కు తగ్గిన రక్తహీనత యని లెక్క. ఏడునకు దిగిన ప్రాణాపాయపు హద్దు. అప్పటినుండి మాకు ఈ ఫోనులో వెదకుట యను పని మీద నొక పట్టుదల కలిగినది.

ఒకనాటి సాయంకాలము మా వారు బడినుండి వచ్చిన పిదప మూడు ఫోనులు చాపమీద పెట్టుకొని కూర్చుంటిమి. మా తోడికోడలిది, మా వారిది, మాది. మూటియందును ఆమె ప్రశ్ననే అక్షరము మాఱకుండ వ్రాసితిమి. మూటికిని వచ్చిన జవాబులలో వరుస కొంత మాఱినదే గాని సరకు చాలవఱకు నొక్కటే. తరువాత "గర్భిణులకు ఇనుము ఎందుకు అవసరం" అని వ్రాసితిమి. అంతట మూడు ఫోనుల ముఖములును ఒక్కసారిగా మాఱినవి! రక్తము, బిడ్డ యెదుగుదల, కాన్పునాటి రక్తస్రావము, ప్రభుత్వ వైద్యశాఖవారి సూచనలు, ఇవి ముందునకు వచ్చినవి. మూడు ఫోనుల నడుమ గల భేదముకంటె రెండు ప్రశ్నల నడుమ గల భేదమే పెద్దదిగా నుండుట చూచి మేము నివ్వెరపోతిమి. యంత్రమే మోసము చేయుచున్నదని తీర్పు చెప్పుటకు సిద్ధమై కూర్చున్న వారము మఱి!

ఐనను యంత్రమును పూర్తిగా విడిచిపెట్టుటకు వీలులేదు. పిమ్మట యూట్యూబును తెఱచితిమి. ఇచట మూడు ఫోనులు మూడు లోకములు. ఆమె ఫోనులో ప్రశ్న యేదియు వ్రాయకుండగనే గర్భిణుల భయములు, నాటుమందులు, విడువవలసిన మాత్రలు వరుసగా నిలిచినవి. మా వారి ఫోనులో లెక్కల పాఠములును క్రికెట్టును. మా ఫోనులో అవధానములు, పద్యపఠనములు, నడుమ నడుమ ఉసిరికాయ పచ్చడి. ఎవరు మున్ను ఏమి చూచిరో వారికి మఱల అదియే. చూచినకొద్ది చూపును, చూపినకొద్ది చూతుము.

దీని మర్మము తెలిసికొనుట కష్టము కాదు. గాజులమ్మువాడు మలారము దించినప్పుడు మన చేతి కొలతయు, నిరుడు మన మే రంగు కొంటిమో అదియు జ్ఞాపకముంచుకొని ఆ జోళ్లే ముందు తీయును. అది వాని నేర్పు, మనకును సుఖమే. గూగులు అను కంపెనీవా రిట్లే మనము మున్నడిగిన ప్రశ్నలను, మన మున్న యూరును, మన భాషను గుఱుతుంచుకొని జవాబుల వరుసను దిద్దుదురు. మొదట తమయొద్ద ఖాతా గలవారికే యట్లు చేసిరి. 2009 డిసెంబరు 4వ తేదీనుండి ఖాతాలోనికి రాక వెదకువారికిని ఆ పద్ధతిని విస్తరింపజేసిరి. వీడియోలు చూపు యంత్రములకు మఱియొక స్వార్థము గలదు. మన మెంతసేపు చూచిన అన్ని ప్రకటనలు మన కన్నులబడును, ప్రకటనలే వారి రాబడి. కావున లేచిపోకుండ మనలను కూర్చుండబెట్టున దేదో అదియే ముందు పెట్టుదురు. గాజులవానికిని దీనికిని భేదమిది: వాని మలారములో తక్కిన రంగులు మన కంటి యెదుటనే యుండును, ఇచట మలారములో ఇంకేమి గలదో మనకు తెలియదు. మనకు చూపని దొకటి గలదను తలంపే పుట్టదు.

ఈలీ పారిజర్ అను అమెరికా దేశీయుడు 2011లో నొక పుస్తకము వ్రాసి ఈ యవస్థకు "ఫిల్టర్ బబుల్" అని పేరుపెట్టెను. జల్లెడపట్టిన బుడగ యని మనము చెప్పుకొనవచ్చును. ఆ యేట ఈజిప్టులో ప్రజలు తమ పాలకునిపై తిరుగబడిరి. అప్పు డిద్దఱు స్నేహితులు "ఈజిప్టు" అను నొక్క మాటనే వెదకగా ఒకనికి ఆ తిరుగుబాటు వార్తలును, వేఱొకనికి విహారయాత్రల సంగతులును ముందుగా వచ్చినవని యతడు చూపెను. లోకము దానిని విని చాల కలతపడినది.

అటుపిమ్మట పరిశోధకులు లోతుగా చూడగా కథ కొంచెము మాఱినది. 2023లో "నేచర్" పత్రికయందు వెలువడిన యొక పరిశోధనలో, అమెరికా యెన్నికల కాలమున గూగులు జనులకు చూపిన వార్తలకంటె జనులు తామై యేఱుకొని చదివిన వార్తలే యెక్కువ పక్షపాతము గలవని తేలినది. 2025లో యూజీనా లియుంగ్, ఓలెగ్ ఉర్మిన్‌స్కీ అను నిద్దఱు పండితులు ప్రకటించినది మఱింత మనకు దగ్గఱి సంగతి. మనుష్యులు తాము మున్నే నమ్మినదానికి అనుకూలమైన మాటలతోనే ప్రశ్న నడుగుదురనియు, యంత్రము ఆ మాటలకు సరిపోవు జవాబులనే తెచ్చి యిచ్చుననియు, దానితో మొదటి నమ్మకమే గట్టిపడుననియు వారు కనుగొనిరి. కాఫీలోని కెఫీనువలన కీడేమని వెదకినవా రొక తీరుగను, మేలేమని వెదకినవారు వేఱొక తీరుగను అభిప్రాయపడిరట! మనుష్యునివలె మాటలాడు క్రొత్త యంత్రములందును ఈ గుణము కలదట. మా చాపమీద మూడు ఫోనులు చెప్పినదియు నిదియే గదా యని మేము మా వారివంక చూచితిమి. ఆయన పరిశోధకులవలె గంభీరముగా తల యూపిరి.

మన భారతములో ధృతరాష్ట్రుడు నడిరేయి విదురుని పిలిపించుకొని తెల్లవాఱువఱకు నీతులన్నియు వినెను. వినలేదని యనరాదు. కాని కొడుకుమీది మమకార మొక్కటే యాతని జల్లెడ. విన్నదంతయు అందులో జాఱిపోయినది. ఈ దోషము యంత్రముతో పుట్టినది కాదనుటకు అంత దూరమైనను పోనక్కఱలేదు, మా ప్రాంతపు కథయే చాలును.

గద్వాల, వనపర్తి, కొల్లాపురము, ఇవి యొకప్పుడు సంస్థానములు. గద్వాలకు "విద్వద్గద్వాల" యని పేరు. ఏటేట పండితులు వచ్చి సభలలో తమ విద్య చూపి సన్మానములు పొంది పోవుచుండెడివారు. ఇట్టి దేశమును గుఱించి, నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని యొకరు వ్రాసిరి. వ్రాసినవారు అబద్ధమాడవలెనని వ్రాసియుండరు. తమ కందిన పత్రికలలో, తమ యింటి బీరువాలో, తమ స్నేహితుల మాటలలో ఈ ప్రాంతపు కవు లగుపడలేదు, అగుపడనివారు లేరనుకొనిరి. దానికి మా గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాటి వంశీకుడును, "గోలకొండ పత్రిక" సంపాదకుడును ఐన సురవరము ప్రతాపరెడ్డిగారు కోపముతో వ్యాసము వ్రాసి యూరకుండలేదు. ఊరూరికి కబురంపి పద్యములు తెప్పించి 1934లో "గోలకొండ కవుల సంచిక" ప్రకటించిరి. అందు 354 మంది కవులు గలరు! ఒక్క మాటకు అంతమంది లేచి నిలువబడి జవాబు చెప్పినట్లైనది. చిన్ననాడు మా తండ్రిగా రా సంచికను మాకు చూపి, "లేదని చెప్పుటకు ముందు ఎచ్చట వెదకితివో చెప్పుకొమ్ము" అనుచుండిరి. ఇప్పుడు ఫోను చూచినప్పుడెల్ల ఆ మాట జ్ఞప్తికి వచ్చును.

ఇది పద్యములతో పోయిన తగవు. ప్రాణములతో ముడిపడినదియు మా వైపుననే జరిగినది. 2018 వేసవిలో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని వాట్సాపులో వీడియోలు వ్యాపించినవి. గద్వాల, వనపర్తి పల్లెలలో ఎండకాలమున ఆరుబయట మంచములు వేసికొని పండుకొను జనము పొద్దుగుంకగనే తలుపులు బిగించుకొనసాగిరి. పల్లెల కేగిన కానిస్టేబులు దీనిని కనిపెట్టి పైవారికి తెలిపిరి. అప్పుడు పోలీసు సూపరింటెండెంటుగా నున్న శ్రీమతి రెమా రాజేశ్వరిగారు తమ సిబ్బందికి శిక్షణ యిచ్చి నాలుగువందలకు పైగా గ్రామములకు పంపిరి. వారు ఇంటింటికి పోయి ఆ వీడియోలు బూటకములని చెప్పిరి. డప్పు కొట్టించి, జానపదగాయకులచేత పాటలు పాడించిరి. ఊరివారి వాట్సాపు బృందములలో తామును చేరిరి. ఆ జిల్లాలలో ఆ పుకారువలన ప్రాణహాని జరుగలేదని నాటి పత్రికలు వ్రాసినవి. ఆ యేడు జూలైలోనే పొరుగున కర్ణాటకములోని బీదరు జిల్లాయందు హైదరాబాదునుండి కారులో పోయిన యువకులపై ఇట్టి యనుమానముతోనే జనము విఱుచుకపడగా నొకరు మరణించిరి. ఒక సందేశమును ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపరాదను కట్టడిని వాట్సాపువారు మన దేశమున ఆ నెలలోనే పెట్టిరి.

వాట్సాపునకును వెదకుటకును సంబంధమేమని మీ రడుగవచ్చును. మనస్సు పనిచేయు తీరు రెంటను నొక్కటే. ఊరిలో అందఱ ఫోనులందును ఒకే వీడియో. దానిని చూచి భయపడినవారు "పిల్లల దొంగలు" అని వెదకుదురు. వెదకిన పిల్లల దొంగలే వత్తురు. ఇంటిలో నలుగురు నలుగురితో సరిపోల్చుకొన్నను అందఱు వినిన దొక్కటే గనుక, సాక్షులు నలుగురైనట్లు తోచునే గాని నిజమునకు సాక్షి యొక్కడే. ఆ కానిస్టేబు గడపలో నిలిచి చెప్పిన మాట యొక్కటే ఆ పల్లెకు వెలుపలినుండి వచ్చిన మాట. దాని విలువ యంతయు అందే యున్నది.

మా తోడికోడలి తప్పు నింత వివరముగా చెప్పి మా తప్పు దాచుట న్యాయము కాదు. 2025 ఫిబ్రవరి 22వ తేదీ ఉదయమున మా జిల్లాలోనే దోమలపెంట యొద్ద శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకొనిరి. దేశమంతయు ఆ వార్త వ్యాపించినది. ఆనాడు మేము ప్రొద్దుననుండి ఫోను చూచుచునే యుంటిమి, అష్టావధానమొకటి మిక్కిలి రసవత్తరముగా సాగుచుండెను. సాయంకాలము మా వారు వచ్చి చెప్పువఱకు సొరంగము సంగతి మాకు తెలియదు. పద్యము లిష్టమని యంత్రము గ్రహించి పద్యములతో మాకు గోడ కట్టినది. ఆ గోడ లోపల మిక్కిలి హాయిగా నుండినది! ఎవరో పామరులకే ఈ బుడగ యనుకొను పండితమ్మన్యత మాకు నాటితో పోయినది.

ఇక చేయదగిన దేమి? ఫోను పాఱవేయుమని చెప్పు పెద్దలు గలరు. మేము చెప్పము. సగము పనులు దానిలోనే యున్న యీ దినములలో అది జరుగు పని కాదు, ఆడువారికి లోకముతో మిగిలిన కిటికీ ఒక్కొకచో అదియే. మే మలవఱచుకొన్నది మాత్రము చెప్పుదుము. ప్రశ్న వ్రాసిన పిదప ఒక్కసారి చదువుకొందుము, అందులోనే జవాబు దాగియున్నదా యని. "పసుపు నీళ్లతో మధుమేహం తగ్గుతుందా" అని వ్రాసిన, తగ్గునను ఆశ ప్రశ్నలోనే యున్నది. "మధుమేహానికి చికిత్స" అని వ్రాసిన ఆ యాశ తొలగును. పట్టింపుగల విషయమైనచో మన పక్షమున నొకసారి, ఎదిరి పక్షమున నొకసారి వ్రాయుట మంచిది. 2019లో మా నల్లమలలో యురేనియము వెదకు తలంపు గుఱించి యెంత రభస జరిగెనో మీకు తెలియును. ఆ సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ దానిని వ్యతిరేకించి తీర్మానము చేసినది. "విద్యుత్తు" అను మాట చేర్చి వెదకినవారికి అణువిద్యుత్తు సంగతియు, "చెంచులు" అను మాట చేర్చి వెదకినవారికి అడవిబిడ్డల గోడును ముందు వచ్చును. రెండును చదువనిదే ఇంటిలో వాదింపరాదని మా యింట నియమము. ఆ నియమమును మా వారే తఱచు తప్పుదురు.

తెలుగున నడిగినదానిని ఇంగ్లీషున అడిగిన వేఱు జవాబులు వచ్చును. చదువు పిల్లలున్న యింట వారిచేత అడిగించి చూడవచ్చును. ఇన్‌కాగ్నిటో యను మఱుగు కిటికీ తెఱచిన మన పాత ప్రశ్నల జ్ఞాపకము అంటకుండును, ఊరు మాత్రము దానికి తెలియుచునే యుండును. యూట్యూబులో మున్ను చూచినవాని చరిత్రను చెఱిపివేయవచ్చును. మా తోడికోడలి ఫోనులో మా వారది చేయగా, బెదరించు వీడియోలు చాలవఱకు మఱునాటికి మాయమైనవి. వైద్య విషయమైనచో ఫోనునకు వెలుపల నొక మనిషిని, ఆశాకార్యకర్తనో నర్సునో, తప్పక అడుగవలెను.

మా తోడికోడలిని తీసికొనిపోయి నర్సమ్మ నడిగితిమి. ఆమె యెవరిని కోపించలేదు. కడుపులో త్రిప్పుట నిజమే యనెను. మలము నల్లనగుట నిజమే గాని దానివలన కీడు లేదనెను. అన్నము తిన్న తరువాత వేసికొమ్మని, టీతో గాని పాలతో గాని వేసికొనవలదని, కాల్షియము మాత్ర వేఱొక వేళకు మార్చుకొమ్మని, నిమ్మకాయ పిండిన నీరు త్రాగిన ఇనుము బాగుగ వంటబట్టునని చెప్పెను. నాలుగవ నెలనుండి 180 దినములు గర్భకాలమునను, మఱల 180 దినములు బాలింతగా నున్నప్పుడును దినమున కొక మాత్ర చొప్పున ఇచ్చుట ప్రభుత్వపు నియమమట. ఒక్కొక మాత్రలో 60 మిల్లీగ్రాముల యినుము. బిడ్డ నల్లనగుట మాత్రము వట్టి మాట యనెను. ఇట్లు సగము నిజము, సగము కల్ల యగుటచేతనే ఆ వీడియోలకు బలము. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణములో 15 మొదలు 49 సంవత్సరముల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత గలవారే యని తేలినది. 2022 డిసెంబరులో గర్భిణుల పోషకాహారపు కిట్లకై తొమ్మిది జిల్లాలను మొట్టమొదట నేఱినప్పుడు మా నాగర్‌కర్నూలును, గద్వాలయు అందు చేరినవి. మన యిండ్లలో ఆ మాత్ర యెంత అవసరమో దీనినిబట్టి యూహించుకొనవచ్చును.

మా తోడికోడలు తరువాతి నెలలలో ఫోను మానలేదు. ఒకనాడు తానే పిలిచి, "అక్కా, ఈసారి రెండు తీరుల అడిగితిని" అని నవ్వెను. ఏడవ నెలలో హీమోగ్లోబిను 10 దాటినది. మాఘమాసమున కాన్పు సుఖముగా జరిగి ఆడుపిల్ల కలిగినది. పిల్ల తండ్రి చాయ, అనగా నలుపే. ఆ రంగు తమ కొడుకుదే యని మా అత్తగారు పదిమందిలో చెప్పుకొందురు గాని, గూటిలోని మాత్రల పొట్లమువంక మాత్రము ఇప్పటికిని ఒక అనుమానపు చూపు చూచుచునే యున్నారు.